షేర్డ్ డైరెక్టరీ నుంచి నడిపితేనే ప్రోగ్రామ్ ‘బస్ ఎర్రర్’తో పడిపోతోంది, ఎక్కడ వెతకాలి?

#1 వేకువచుక్క | సోమవారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మూడు వారాలుగా ఒక సమస్యతో కుస్తీ పడుతున్నాను. ఇక నా ఒక్కడి వల్ల కాదని తేలిపోయి ఇక్కడ అడుగుతున్నాను.

మా దగ్గర 12 లైనక్స్ మెషిన్లు ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకే ఫైల్ సర్వర్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా ఒక డైరెక్టరీ మౌంట్ అయి ఉంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన లెక్కల ప్రోగ్రామ్, దాని లైబ్రరీలు, ఇన్‌పుట్, అవుట్‌పుట్ సమస్తం అందులోనే. సాయంత్రం జాబ్ మొదలుపెడితే తెల్లారేసరికి పూర్తవ్వాలి. కానీ కొన్ని రాత్రులు మధ్యలో ‘బస్ ఎర్రర్’ అని ఒక్క ముక్క రాసి చచ్చిపోతోంది. ఒకరోజు 4 మెషిన్లు, ఇంకోరోజు 9. కొన్ని రాత్రులు అన్నీ శుభ్రంగా నడుస్తాయి.

మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌తో చూశాను, ఏమీ దొరకలేదు. అడ్రస్ శానిటైజర్ పెట్టి బిల్డ్ చేశాను, అదీ నోరు మెదపలేదు. ప్రతిసారీ వేరే ఫంక్షన్‌లో ఆగుతోంది. ప్రోగ్రామ్ మొత్తాన్ని లోకల్ డిస్కుకి కాపీ చేసి మూడు రోజులు ఆపకుండా నడిపితే ఒక్కసారి కూడా పడలేదు. తప్పు నా కోడ్‌లో ఉందా, నెట్‌వర్క్‌లో ఉందా అన్నదే తేల్చుకోలేకపోతున్నాను.

#2 తాళంచెవి | సోమవారం, రాత్రి 10:40

ముందు కొన్ని వివరాలు ఇవ్వండి, అవి లేకుండా ఏం చెప్పినా ఊహే అవుతుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ కమాండ్‌ని మైనస్ ఎమ్‌తో నడిపితే మౌంట్ ఏ ఆప్షన్లతో ఉందో పూర్తిగా చూపిస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (మౌంట్‌ల సెట్టింగుల ఫైల్) రాసింది కాదు, ఇదే పెట్టండి. రెండూ తేడాగా ఉండడం నేను చాలాసార్లు చూశాను. అలాగే క్రాష్ అయిన మెషిన్లో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లాగ్‌లో ‘సర్వర్ నాట్ రెస్పాండింగ్’ అనే లైను ఉందేమో చూడండి.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది: గత మూడు వారాల క్రాష్‌ల టైమ్‌లు ఒకచోట రాయండి. తేదీ, గంట, నిమిషం, ఏ మెషిన్. అంతే.

#3 పాతగూడు | సోమవారం, రాత్రి 11:25

వేకువచుక్క గారూ, ఆ ‘బస్ ఎర్రర్’ అన్న మాట మీదే కాసేపు ఆగండి. అది సెగ్‌ఫాల్ట్ కాదు. పిచ్చి పాయింటర్‌తో తనది కాని చోట వేలు పెడితే మామూలుగా సెగ్‌ఫాల్ట్ వస్తుంది. లైనక్స్‌లో బస్ ఎర్రర్ ఎక్కువగా వచ్చేది ఇంకో సందర్భంలో: అడ్రస్ సరైనదే, అక్కడ ఒక ఫైల్ మ్యాప్ అయి ఉంది, కానీ ఆ ఫైల్లోంచి ఆ పేజీని తెచ్చి ఇవ్వడం కెర్నల్‌కి కుదరలేదు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ప్రోగ్రామ్ మొదలుపెట్టగానే అది మొత్తం మెమరీలోకి ఎక్కేస్తుందని అనుకుంటాం. ఎక్కదు. కెర్నల్ ఆ ఎగ్జిక్యూటబుల్‌ని, లైబ్రరీలని ఎమ్‌మ్యాప్ చేసి (ఫైల్‌ని మెమరీ అడ్రస్‌లకి జతచేసి) ఊరుకుంటుంది. ఏ 4 కేబీ పేజీ అవసరమైతే, అవసరమైన ఆ క్షణంలో దాన్ని ఫైల్ నుంచి తెస్తుంది. మెమరీ ఇరుకైతే ఆ పేజీని నిర్మొహమాటంగా పారేస్తుంది కూడా. ‘ఫైల్లో ఉంది కదా, మళ్లీ తెచ్చుకుందాం’ అన్న ధీమా దానిది. అంటే మీ ప్రోగ్రామ్ ఆరో గంటలో ఉన్నా సరే, తన సొంత కోడ్‌ని ఇంకా సర్వర్ నుంచి చదువుకుంటూనే ఉండొచ్చు. లోకల్ డిస్కు మీద ఆ ధీమా దాదాపు ఎప్పుడూ వమ్ము కాదు. నెట్‌వర్క్ మీద అవుతుంది. ఆ పేజీ రాకపోతే, మీ కోడ్‌లో ఏ లైను దగ్గర ఉంటే ఆ లైను దగ్గరే ప్రాణం పోతుంది. ప్రతిసారీ వేరే ఫంక్షన్‌లో ఆగుతోందన్నారు కదా, దానికి ఇది సరిపోతుంది.

కాబట్టి కోడ్‌ని ఇప్పుడే తప్పుపట్టకండి. పేజీ ఎందుకు రాలేదన్నది చూద్దాం. నాకు తెలిసినంతలో రెండు పెద్ద దారులు: సర్వర్ జవాబివ్వకపోతే క్లయింట్ చేతులెత్తేయడం, లేదా ఫైల్ కింద నుంచి మారిపోవడం.

#4 వేకువచుక్క | మంగళవారం, ఉదయం 9:05

పాతగూడు గారూ, ఈ వివరణ ఇన్నాళ్లూ ఎక్కడా దొరకలేదు. నేను ఆరు గంటల తర్వాత పడిపోతోంది కాబట్టి మెమరీ లీక్ అనుకుని దాని వెంటే తిరిగాను.

మౌంట్ వివరాలు: వెర్షన్ 4.2, టీసీపీ, సాఫ్ట్, టైమ్ఓ (జవాబు కోసం ఆగే సమయం) 50, రీట్రాన్స్ (మళ్లీ అడిగే సార్లు) 2. కెర్నల్ లాగ్‌లో ‘నాట్ రెస్పాండింగ్, టైమ్డ్ ఔట్’ అని కొన్ని లైన్లు ఉన్నాయి. క్రాష్ టైమ్‌ల పట్టిక ఇంకా తయారు చేస్తున్నాను.

#5 అలుపులేని_అల | మంగళవారం, ఉదయం 9:31

దొరికింది, ‘సాఫ్ట్’! వెంటనే ‘హార్డ్’ చేసేయండి.

టైమ్ఓ లెక్క సెకన్లలో కాదు, సెకనులో పదో వంతుల్లో. 50 అంటే 5 సెకన్లు. టీసీపీకి మామూలుగా ఉండేది 600, అంటే 60 సెకన్లు. మీ మౌంట్ కొద్ది సెకన్లలోనే ఆశ వదిలేసి ప్రోగ్రామ్‌కి ఐ/ఓ ఎర్రర్ చేతిలో పెడుతోంది. రీడ్ కాల్‌లో ఆ ఎర్రర్ వస్తే ప్రోగ్రామ్ చూసుకోగలదు. ఎమ్‌మ్యాప్ చేసిన పేజీ దగ్గర వస్తే ఎర్రర్ చెప్పడానికి చోటే లేదు, అందుకే సిగ్‌బస్, అంటే ఆ ‘బస్ ఎర్రర్’ సిగ్నల్. ‘హార్డ్’ అయితే సర్వర్ తిరిగొచ్చేదాకా ప్రాసెస్ ఓపిగ్గా ఎదురుచూస్తుంది.

#6 తాళంచెవి | మంగళవారం, ఉదయం 10:02

‘హార్డ్’ పెట్టమనడం నూటికి నూరు పాళ్లూ సరైనదే. రాసే డేటా ఉన్న మౌంట్‌కి ‘సాఫ్ట్’ పెడితే క్రాష్ ఒక్కటే కాదు, ఫైల్ సగం రాసి ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. కానీ ఒక మాట ముందే చెబుతాను: సర్వర్ పడిపోతే ప్రాసెస్‌లన్నీ ‘డీ’ స్థితిలో బిగుసుకుపోతాయి, లోడ్ యావరేజ్ చుక్కలంటుతుంది. చూసి కంగారు పడకండి. పాత రోజుల్లో దీనికోసం ‘ఇంటర్’ అనే ఆప్షన్ పెట్టేవాళ్లు. కెర్నల్ 2.6.25 నుంచి దానికి విలువ లేదు, సిగ్‌కిల్‌తో (బలవంతంగా ఆపే సిగ్నల్) మాత్రం ఆ ప్రాసెస్‌ని ఆపొచ్చు.

అయితే ఇదే అసలు దోషి అని నేను ఇప్పుడే అనను. ఆ టైమ్డ్ ఔట్ లైన్లూ, క్రాష్‌లూ ఒకే నిమిషంలో ఉన్నాయా? ముందు అది చూపించండి.

#7 వేకువచుక్క | బుధవారం, ఉదయం 8:20

రెండు మెషిన్లలో నిన్న ‘హార్డ్’ పెట్టి చూశాను. రాత్రి ఆ రెండూ పడిపోయాయి.

పట్టిక పూర్తయింది. మూడు వారాల్లో 41 క్రాష్‌లు. వాటిలో 38, రాత్రి 1:14కీ 1:20కీ మధ్యే జరిగాయి! మిగతా మూడు పగటిపూట, వేర్వేరు టైమ్‌ల్లో. టైమ్డ్ ఔట్ లైన్లు ఆ మూడింటితో సరిగ్గా కలుస్తున్నాయి, రాత్రివాటితో ఒక్కటీ కలవలేదు. అలుపులేని_అల గారు చెప్పింది నిజమే, కానీ మూడింటికే.

ఇంకో విషయం గుర్తొచ్చింది. మొదటి వారంలో రెండుసార్లు బస్ ఎర్రర్ కాకుండా ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ (ప్రాసెసర్‌కి అర్థం కాని ఆదేశం) అని వచ్చింది. పాత ప్రాసెసర్ తేడా అనుకుని వదిలేశాను.

కోర్ డంప్ (పడిపోయిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ కాపీ) మాత్రం ఎక్కడా దొరకడం లేదు.

#8 పాతగూడు | బుధవారం, ఉదయం 8:58

ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్! అది మొదట్లోనే తెలిసుంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. నాకిప్పుడు దాదాపు నమ్మకం కుదిరింది, అయినా రుజువు చూసే మాట్లాడదాం.

కోర్ ఫైల్ మామూలుగా ప్రోగ్రామ్ నడుస్తున్న డైరెక్టరీలోనే పడుతుంది. మీ విషయంలో అదీ ఆ ఎన్‌ఎఫ్‌ఎస్‌లోనే. అక్కడ రాయడానికి అనుమతి లేకపోయినా, కోటా నిండినా, కోర్ సైజు పరిమితి సున్నా అయినా చడీచప్పుడు లేకుండా పోతుంది. కోర్ ప్యాటర్న్‌ని లోకల్ డిస్కు మీద ఒక డైరెక్టరీకి మార్చండి. యూలిమిట్ మైనస్ సీ ‘అన్‌లిమిటెడ్’ చేయండి.

కోర్ దొరికాక జీడీబీలో (డీబగ్గర్) మూడు చూడండి. సిగ్‌ఇన్ఫోలో ఎస్ఐ కోడ్ ఎంత? 2 అయితే నేను చెప్పిన పేజీ కథే. తప్పు జరిగిన అడ్రస్ ఎంత? ‘ఇన్ఫో ప్రాక్ మ్యాపింగ్స్’ ఇచ్చి ఆ అడ్రస్ ఏ ఫైల్ పరిధిలో పడుతోందో చూడండి. ఆ ఫైల్ పేరు దొరికాక దాని మార్పు టైమ్ చూడండి. 1:14 అని ఉంటుందని నా ఊహ.

#9 వేకువచుక్క | గురువారం, ఉదయం 7:48

పాతగూడు గారూ, 1:14!!

రాత్రి ఐదు మెషిన్లు పడ్డాయి, ఐదు కోర్‌లూ దొరికాయి. నాలుగింట్లో ఎస్ఐ కోడ్ 2. అడ్రస్ నా ప్రోగ్రామ్‌లో కాదు, అది వాడుకునే మా సొంత మ్యాట్రిక్స్ లైబ్రరీ డాట్ ఎస్‌ఓ ఫైల్ పరిధిలో ఉంది. ఆ ఫైల్ మార్పు టైమ్ రాత్రి 1:14. ఐదో దాంట్లో సెగ్‌ఫాల్ట్. డిస్‌అసెంబుల్ చేస్తే ఫంక్షన్ మధ్యలో అర్థంపర్థం లేని ఇన్‌స్ట్రక్షన్లు.

మా జట్టులో ఇంకొకరు రాసిన రాత్రి బిల్డ్ స్క్రిప్టు ఉంది. పగలు ఎవరైనా కోడ్ మారిస్తేనే అది బిల్డ్ చేస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. కొన్ని రాత్రులు ఏమీ కాకపోవడం అందుకే. బిల్డ్ పూర్తయ్యాక కొత్త లైబ్రరీని షేర్డ్ డైరెక్టరీలో పాతదాని మీదకి సీపీ (కాపీ కమాండ్) చేస్తోంది. ఆ ఒక్క లైను.

#10 పాతగూడు | గురువారం, ఉదయం 8:30

ఇక అన్నీ కలుస్తున్నాయి. సీపీ చేసే పని చూడండి: పాత ఫైల్‌ని పారేసి కొత్తది పెట్టదు. అదే ఫైల్‌ని, అదే ఇనోడ్‌ని (డిస్కులో ఫైల్‌కి ఉండే అసలు గుర్తింపు) తెరిచి, సైజు సున్నా చేసి, కొత్త బైట్లు నింపుతుంది. ఆ కొద్ది క్షణాల్లో ఏ మెషిన్ అయినా పేజీ అడిగితే, ఫైల్ ఇంకా అంత పొడవు లేదు. సిగ్‌బస్. కాపీ పూర్తయ్యాక అడిగితే పేజీ వస్తుంది, కానీ కొత్త బిల్డ్‌లోది. సగం పాత లైబ్రరీ, సగం కొత్తది కలిసి ఒకే ప్రాసెస్‌లో నడుస్తుంటాయి. ఫంక్షన్ పాత చోట ఉండదు, ఇన్‌స్ట్రక్షన్ మధ్యలోకి దూకుతుంది. మీ ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్, ఆ ఐదో సెగ్‌ఫాల్ట్ అలా వచ్చినవే. చదువుతున్న పుస్తకంలో ముందు పేజీలు ఎవరో ఇంకో పుస్తకంవి కుట్టేసినట్టు. అవసరమైన పేజీలు అప్పటికే మెమరీలో ఉన్న మెషిన్లు ఆ రాత్రికి బతికిపోయాయి.

నాకు భయం వేసేది క్రాష్ అయిన మెషిన్ల గురించి కాదండీ. క్రాష్ కాకుండా, సగం కొత్త కోడ్‌తో నడిచి, తప్పు జవాబు రాసిన మెషిన్ ఉందేమో! బిల్డ్ జరిగిన రాత్రుల ఫలితాలు మళ్లీ లెక్కించండి. దయచేసి ఇది వాయిదా వేయకండి.

#11 కొత్తచిగురు | గురువారం, ఉదయం 11:14

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నడుస్తున్న ప్రోగ్రామ్ మీదకి కాపీ చేయబోతే లైనక్స్ ‘టెక్స్ట్ ఫైల్ బిజీ’ అని ఆపేస్తుంది కదా? నేను చాలాసార్లు చూశాను. ఇక్కడ ఎందుకు ఆపలేదు?

#12 తాళంచెవి | గురువారం, మధ్యాహ్నం 12:20

మంచి ప్రశ్న. రెండు కారణాలున్నాయి.

ఆ రక్షణ ప్రధాన ఎగ్జిక్యూటబుల్‌కే. డాట్ ఎస్‌ఓ లైబ్రరీలకి లోకల్ డిస్కు మీద కూడా లేదు. లైబ్రరీ మీదకి సీపీ చేస్తే ఒంటరి ల్యాప్‌టాప్‌లో కూడా ఇలాగే పడిపోతుంది.

రెండోది, ‘ఈ ఫైల్ ఇప్పుడు నడుస్తోంది’ అన్న సంగతి దాన్ని నడుపుతున్న కెర్నల్‌కి మాత్రమే తెలుసు. ఎన్‌ఎఫ్‌ఎస్‌ని సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చినప్పుడు సర్వర్ క్లయింట్ల గురించి ఏదీ గుర్తుపెట్టుకోకూడదన్నదే దాని పునాది. సర్వర్ రీబూట్ అయినా క్లయింట్లు ఏమీ జరగనట్టు కొనసాగాలని అలా చేశారు. 1995 నాటి వెర్షన్ 3 దాకా అదే పద్ధతి. వెర్షన్ 4లో ఎవరు ఏ ఫైల్ తెరిచారో, ఏ లాక్ పట్టుకున్నారో సర్వర్ గుర్తుంచుకుంటుంది. కానీ ‘నేను దీన్ని నడుపుతున్నాను, ఎవరినీ రాయనివ్వకు’ అన్న మాట లైనక్స్ క్లయింట్ నుంచి సర్వర్‌కి వెళ్లదు. కాబట్టి ఇక్కడ మెషిన్ 3లో నడుస్తున్న ప్రధాన ఎగ్జిక్యూటబుల్ మీదకి కూడా బిల్డ్ మెషిన్ నుంచి నిక్షేపంగా రాసేయొచ్చు.

#13 అలుపులేని_అల | గురువారం, మధ్యాహ్నం 1:05

మొన్న తొందరపడి ‘దొరికింది’ అన్నాను. పట్టిక అడిగిన తాళంచెవి గారిదే సరైన పద్ధతి.

పరిష్కారం సులువే అనుకుంటా: సీపీ బదులు పక్కన వేరే పేరుతో కాపీ చేసి, ఎమ్‌వీతో అసలు పేరుకి మార్చండి. పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది, పాత ఇనోడ్ దానిపాటికది ఉంటుంది.

#14 పాతగూడు | గురువారం, మధ్యాహ్నం 1:40

లోకల్ డిస్కుకి అది చాలు. ఎన్‌ఎఫ్‌ఎస్‌కి చాలదు, ఇక్కడే చాలామంది రెండోసారి దెబ్బ తింటారు.

లోకల్‌లో పాత ఫైల్ పేరు పోయినా, దాన్ని పట్టుకున్న ప్రాసెస్ వదిలేదాకా ఇనోడ్ బతికే ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఆ భరోసా, తెరిచిన మెషిన్‌దీ తీసేసిన మెషిన్‌దీ ఒకటే అయినప్పుడు దొరుకుతుంది. అప్పుడు క్లయింట్ ఆ ఫైల్‌ని నిజంగా చెరపకుండా ‘డాట్ ఎన్‌ఎఫ్‌ఎస్’తో మొదలయ్యే ఒక పొడవాటి పేరుకి మార్చి దాచుకుంటుంది. డైరెక్టరీలో ఆ వింత ఫైళ్లు కనిపిస్తే చెత్త అనుకుని తీసేయకండి, ఎవరో ఇంకా వాడుతున్నారని అర్థం. అయితే తీసేసింది ఇంకో మెషిన్ అయితే? మీ బిల్డ్ మెషిన్ ఎమ్‌వీ చేసింది, పాత ఫైల్ సర్వర్‌లో నిజంగానే పోయింది అనుకోండి. మిగతా 12 మెషిన్ల దగ్గర ఉన్న ఫైల్ హ్యాండిల్ (సర్వర్‌లో ఆ ఫైల్‌ని గుర్తించే చీటీ) చచ్చిన హ్యాండిల్. తర్వాతి పేజీ అడిగినప్పుడు ‘స్టేల్ ఫైల్ హ్యాండిల్’, లైనక్స్‌లో ఎర్రర్ నంబర్ 116. ప్రోగ్రామ్‌కి మాత్రం మళ్లీ అదే సిగ్‌బస్.

అందుకని నా మాట: నడుస్తున్న ఫైల్‌ని షేర్‌లో ఎప్పటికీ ముట్టుకోవద్దు. ప్రతి బిల్డ్‌కీ తేదీతో కొత్త డైరెక్టరీ. ‘ప్రస్తుతం’ అనే సిమ్‌లింక్ (ఇంకో దారిని చూపించే లింక్) కొత్త డైరెక్టరీ వైపు తిరుగుతుంది. జాబ్ మొదలవగానే సిమ్‌లింక్ వెనకున్న అసలు దారిని ఒకసారి తెలుసుకుని, చివరిదాకా ఆ దారే వాడాలి. సిమ్‌లింక్ మార్చేటప్పుడు కూడా ఎల్‌ఎన్‌తో బలవంతంగా మార్చకండి. దాని పాత వెర్షన్లు పాతది తీసి కొత్తది పెడతాయి, మధ్యలో ఒక క్షణం లింకే ఉండదు. వేరే పేరుతో లింక్ చేసి, ఎమ్‌వీకి మైనస్ పెద్ద టీ ఇచ్చి దానిమీదకి జరపండి.

#15 గులకరాయి | గురువారం, సాయంత్రం 4:50

నేను పాతగూడు గారితో సగమే ఏకీభవిస్తాను. ఎంత జాగ్రత్త పడినా పగటిపూట పడిన ఆ మూడు క్రాష్‌లకి మీ డైరెక్టరీ పద్ధతి మందు కాదు. ఎగ్జిక్యూటబుల్‌నీ లైబ్రరీలనీ జాబ్ మొదట్లో ప్రతి మెషిన్ లోకల్ డిస్కుకి కాపీ చేసి అక్కడి నుంచి నడపండి. షేర్‌లో డేటా మాత్రమే ఉంచండి. మా దగ్గర ఏళ్లుగా ఇదే చేస్తున్నాం. ప్రోగ్రామ్ మొదలయ్యే వేగం కూడా పెరిగింది. ముఖ్యంగా పైథాన్ వాడేవాళ్లకి తేడా బాగా తెలుస్తుంది, ఒక ఇంపోర్ట్‌కే వందల చిన్న ఫైళ్లు వెతుకుతుంది కాబట్టి.

#16 పాతగూడు | గురువారం, సాయంత్రం 6:15

లోకల్ డిస్కు ఉంటే మీ దారే మేలు, ఒప్పుకుంటాను. డిస్కు లేకుండా బూట్ అయ్యే మెషిన్లు ఉన్నచోట, లేదా లైబ్రరీల గుట్ట పదుల జీబీ ఉన్నచోట కుదరదు. అక్కడ నాది. రెండు చోట్లా ‘హార్డ్’ మౌంట్ తప్పనిసరి.

#17 నీటిబొట్టు | శుక్రవారం, ఉదయం 10:30

నాదీ ఇలాంటిదే అనుకుని ఇక్కడే అడుగుతున్నాను. మా చిన్న ప్రోగ్రామ్ ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్‌ని ఎన్‌ఎఫ్‌ఎస్ మీద పెట్టి నాలుగు మెషిన్ల నుంచి రాస్తుంది. మొదట ‘డేటాబేస్ ఈజ్ లాక్డ్’ అని ఆగేది. వేగం కోసం వాల్ మోడ్‌కి (మార్పులని ముందు వేరే లాగ్ ఫైల్లో రాసే పద్ధతి) మార్చాం. ఇప్పుడు ‘డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్డ్’ అని ప్రోగ్రామే పడిపోతోంది.

#18 తాళంచెవి | శుక్రవారం, ఉదయం 11:10

నీటిబొట్టు గారూ, ముందు నాలుగు మెషిన్లలోనూ రాయడం ఆపండి, ఆ ఫైల్‌కి ఒక కాపీ తీసిపెట్టండి. తర్వాత మిగతాది.

వాల్ మోడ్‌లో ప్రాసెస్‌లు ఒక చిన్న ఇండెక్స్ ఫైల్‌ని షేర్డ్ మెమరీగా మ్యాప్ చేసుకుని మాట్లాడుకుంటాయి. ఒకే మెషిన్లో ఉన్నప్పుడే అది నిజంగా ఒకే మెమరీ. నాలుగు మెషిన్లలో అది నాలుగు వేర్వేరు కాపీలు, ఒకరు రాసింది ఇంకొకరికి తెలీదు. వాల్ నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద పనిచేయదని ఎస్‌క్యూలైట్ తయారుచేసినవాళ్లు తమ డాక్యుమెంట్లలోనే సూటిగా రాశారు. మామూలు జర్నల్ మోడ్ కూడా లాక్‌లు సరిగ్గా పనిచేస్తేనే భద్రం. నిజమైన విరుగుడు, ఆ ఫైల్‌ని ఒక్క మెషిన్లో లోకల్‌గా ఉంచి, మిగతావాళ్లు దాన్ని ఒక చిన్న సర్వీస్ ద్వారా అడగడం. లేదా పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేస్.

నాలుగు మెషిన్ల నుంచి ఒకే లాగ్ ఫైల్‌కి అపెండ్ చేసేవాళ్లకీ ఇదే హెచ్చరిక. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో సర్వర్ వైపు అపెండ్ అన్నదే లేదు, ఫైల్ చివర ఎక్కడో క్లయింటే లెక్కగట్టి రాస్తుంది. ఇద్దరు ఒకేసారి లెక్కగడితే ఒకరి లైన్ల మీద ఇంకొకరివి పడతాయి. మెషిన్‌కో లాగ్ ఫైల్ పెట్టుకోండి.

#19 కొత్తచిగురు | శుక్రవారం, మధ్యాహ్నం 3:02

విండోస్ షేర్ నుంచి ఎగ్జిక్యూటబుల్ నడిపితే కూడా ఇలా జరుగుతుందా? మా దగ్గర వైఫై ఒక్క క్షణం తెగితే చాలు, ప్రోగ్రామ్ ‘సీ0000006’ అనే కోడ్‌తో మూసుకుపోతుంది.

#20 గులకరాయి | శుక్రవారం, మధ్యాహ్నం 3:25

అచ్చంగా అదే కథ. ఆ కోడ్ పేరే ‘ఇన్ పేజ్ ఎర్రర్’, పేజీ తేలేకపోయానని విండోస్ చెబుతోంది. మీరే బిల్డ్ చేసే ప్రోగ్రామ్ అయితే మైక్రోసాఫ్ట్ లింకర్‌కి ‘స్వాప్‌రన్ నెట్’ ఆప్షన్ ఇవ్వండి. నెట్‌వర్క్ నుంచి నడిపినప్పుడు ముందే మొత్తాన్ని స్వాప్ ఫైల్‌లోకి కాపీ చేసుకుని అక్కడి నుంచి నడుస్తుంది. డీఎల్‌ఎల్‌లకి విడిగా ఇవ్వాలి, మర్చిపోకండి.

#21 వేకువచుక్క | తర్వాతి వారం, శనివారం, ఉదయం 9:40

వారం రోజుల సమాచారం. 12 మెషిన్లలోనూ ‘హార్డ్’, టైమ్ఓ 600. ప్రోగ్రామ్, లైబ్రరీలు జాబ్ మొదట్లో లోకల్ డిస్కుకి కాపీ అవుతున్నాయి. ఈ వారంలో నాలుగు రాత్రులు బిల్డ్ జరిగింది, ఒక్క క్రాష్ కూడా లేదు.

పాతగూడు గారు చెప్పినట్టు పాత ఫలితాలు మళ్లీ లెక్కించాను. బిల్డ్ జరిగిన రాత్రుల్లో ‘విజయవంతంగా’ పూర్తయిన వాటిలో రెండు ఫలితాలు తేడా వచ్చాయి. రెండూ ఒకే మెషిన్‌వి, ఒకే రాత్రివి. ఆ రెండు అంకెలూ ఇప్పటికే ఒక నివేదికలోకి వెళ్లిపోయాయి. సరిచేసి పంపాం. మీరు ఆ మాట అనకపోతే నేను చూసేవాణ్నే కాదు.

మిగిలింది ఒకటే. ఒక అవుట్‌పుట్ ఫైల్ చివర కొన్ని వేల లైన్లు లేవు. ప్రోగ్రామ్ ఏ ఎర్రరూ ఇవ్వకుండా సున్నాతో ముగిసింది.

#22 తాళంచెవి | శనివారం, ఉదయం 10:15

క్లోజ్ కాల్ ఏం తిరిగిచ్చిందో మీ కోడ్ చూస్తోందా?

రైట్ కాల్ విజయవంతమైందంటే డేటా క్లయింట్ మెమరీకి చేరిందని మాత్రమే. సర్వర్‌కి తర్వాత వెళ్తుంది. అక్కడ డిస్కు నిండి ఉన్నా, కోటా దాటినా ఆ వార్త ఎఫ్‌సింక్ (డేటాని డిస్కుకి చేర్చమనే కాల్) దగ్గరో, క్లోజ్ దగ్గరో తెలుస్తుంది. చాలా ప్రోగ్రామ్‌లు క్లోజ్ ఇచ్చిన విలువ చూడవు. సీ ప్లస్ ప్లస్‌లో ఓఎఫ్‌స్ట్రీమ్‌ని డిస్ట్రక్టర్‌కి వదిలేస్తే అది ఎర్రర్‌ని మింగేస్తుంది. స్పష్టంగా క్లోజ్ పిలిచి, స్ట్రీమ్ ఫెయిల్ అయిందేమో చూసి, అయితే సున్నా కాని కోడ్‌తో బయటపడండి. ముందు మీ కోటా ఎంత మిగిలిందో చూడండి.

#23 వేకువచుక్క | శనివారం, ఉదయం 10:52

కోటా ఆ రాత్రి నిండింది. క్లోజ్ చూడడం లేదు. ఇవాళే మారుస్తున్నాను.

#24 నాలుగోమెట్టు | ఆదివారం, రాత్రి 8:30

ఆ బిల్డ్ స్క్రిప్టు నాది. వేకువచుక్క లింక్ పంపితే మొదటి నుంచి చివరిదాకా చదివాను. సీపీ లైను తీసేశాను. ఇప్పుడు తేదీ డైరెక్టరీలోకి బిల్డ్ అయి, అన్ని పరీక్షలూ అయ్యాకే సిమ్‌లింక్ తిరుగుతుంది. వేరే జట్టువాళ్లు కొందరు ఇంకా షేర్ నుంచే నేరుగా నడుపుతున్నారు, అందుకే పాత డైరెక్టరీలు ఉంచాను. కానీ అవి పోగుపడుతున్నాయి. పాతది ఎప్పుడు తీసేయొచ్చో ఎలా తెలుసుకోవాలి? సర్వర్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్ (తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే కమాండ్) నడిపితే ఎవరూ వాడుతున్నట్టు చూపించడం లేదు.

#25 పాతగూడు | ఆదివారం, రాత్రి 9:05

సర్వర్‌ని నమ్మకండి. అక్కడ ఫైల్‌ని చదివేది కెర్నల్‌లోని ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్, ఏ మామూలు ప్రాసెస్ పేరూ ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి కనబడదు. అడగాల్సింది క్లయింట్లని. ప్రతి మెషిన్లో రూట్‌గా, ప్రాక్ కింద ఉన్న ప్రాసెస్‌లన్నిటి ‘మ్యాప్స్’ ఫైళ్లలో ఆ తేదీ డైరెక్టరీ పేరు గ్రెప్‌తో వెతకండి. మ్యాప్స్‌లో సిమ్‌లింక్ పేరు కాకుండా అసలు దారి ఉంటుంది, కాబట్టి ఏ తేదీది ఎవరు పట్టుకున్నారో తెలిసిపోతుంది. 12 మెషిన్లలోనూ ఒక్క లైనూ రాకపోతే, సిమ్‌లింక్ దాన్ని చూపించకపోతే, అప్పుడు తీసేయండి. మీ జాబ్‌ల్లో అతి పొడవైనది ఎంతసేపు నడుస్తుందో, దానికి రెట్టింపు సమయం ఆగి చూస్తే ఇంకా నయం.